కర్పూరం ఆర్పి తెచ్చుకున్న క్రూగరు పేరు

ఊ జర్మన్ పోయేడని చేపలమ్మే మాఠే వచ్చి చెప్పింది. అప్పుడు నేను పెనం మీద తోసె తిరగేస్తున్నాను. తిరగేసేను.

"ఎంతైనా మీ వీధి పెద్ద. మొహం కొంచెం బాధగా పెట్టవేటి?" అంది. బర్మా మనిషే గానీ మాతో తిరిగి తిరిగి తెలుగు బాగానే వచ్చు దానికి.

"నా మొహం పుట్టినకాణ్ణించీ ఇంతే" అన్నాను.

మధ్యాహ్నానికి వాడి కొడుకు రంగూన్‌లో అటు పక్క సంచౌంగ్ నుంచి బస్సెక్కి మా పజుండౌంగ్ వీధికి వచ్చేడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "పిన్నీ, మనది ఒకే ఇంటిపేరు. మీకూ మైలే. పదకొండు రోజులు పొయ్యి ముట్టించకూడదు" అన్నాడు.

"ఆకలేస్తే కూర్చో నాయనా, తోసె వేస్తాను. మైల మాత్రం మాకు లేదు" అన్నాను. పెనం దించలేదు. ఎందుకు దించలేదో చెప్తాను. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు, మీరు రాసుకోండి. మెత్తగా మాత్రం రాయొద్దు.

పోయినోళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. వాడు దొంగతనం చెయ్యలేదు. తాగి ఎవరి ఇంటి మీదకీ పోలేదు. మంచి అయిపోయింది.

ఊ జర్మన్ అన్నది బర్మావోళ్ళు పెట్టిన పేరు. మనం గారూ అన్నట్టు వాళ్ళు పెద్దోళ్ళని ఊ అంటారు. వాడి అమ్మా అయ్యా పెట్టిన పేరు నేను చెప్పను. వాడికే అక్కర్లేకపోయింది, నాకెందుకు?

రంగూన్ ఎండలు మీకు తెలుసు కదా. ఆ ఎండల్లో గొంగళిలాంటి నల్ల కోటు వేసేవోడు. కింద లుంగీ. చెమట కారి కారి వీపు మీద ఉప్పు తెల్లగా పేరుకునేది. "ఇది జర్మనీ నేవీ కోటు. మా వంశంలో వస్తున్నది" అనేవోడు. పాత బట్టల బజారులో దాన్ని బేరం ఆడినప్పుడు పక్కన సంచీ పట్టుకుని నిలబడింది మా ఆయనే.

ఎడం కంట్లో పువ్వు వేసింది. నల్లగుడ్డు మీద తెల్లగా, కొంచెం నీలంగా ఉండేది. "చూడు, తెల్లోళ్ళ కన్ను. రక్తం ఎక్కడికి పోతాది?" అని రెప్ప పైకి లాగి మరీ చూపించేవోడు. కళ్ళాసుపత్రికి పోయి తీయించుకోమని ఎవరైనా అంటే పగబట్టేవోడు. రెండో కన్నూ, మిగిలిన మొహమూ మా పెనం కంటే నలుపు. దాని సంగతి ఎత్తేవోడు కాదు.

వాడికి ఏదీ నచ్చేది కాదు. గోడ చూస్తే "వంకర" అనేవోడు. తాటాకు విసినికర్ర చూసి "వంకర" అనేవోడు. నా కొట్లో రోజూ పొద్దున్న తినేవోడు, రోజూ తోసెని పైకెత్తి చూసేవోడు.

"ఇది గుండ్రంగా లేదమ్మీ. మనోళ్ళయితే గుండ్రంగా వేసుందురు."

మనోళ్ళంటే మేం కాదు. జర్మనీవోళ్ళు.

"అయితే మీ వోళ్ళనే వచ్చి వేయమను" అనేదాన్ని.

"జర్మనీలో టీ సాసర్లో పోసుకుని తాగరు. మర్యాద కాదు" అని సాసర్లో పోసుకుని జుర్రుకునేవోడు. ఏరు దాటి అవతలి గట్టుకి కూడా పోని మనిషి. జర్మనీ గాలి తూర్పున వీస్తాదో పడమర వీస్తాదో తెలీదు.

అహ్లోన్ రేవులో పాత బియ్యం మిల్లులో పెద్ద ఇనప బాయిలరు ఒకటి తుప్పు పట్టి పడుంది. దాని మీద జర్మనీ అక్షరాల రేకు. ఎప్పుడు అటు పోయినా వాడు మడమలు దగ్గరికి చేర్చి ఆ రేకుకి సలాం కొట్టేవోడు. కాకులు రెట్ట వేసిన ఇనపముక్కకి.

ఇంతకీ ఆ పేరు ఎలా వచ్చిందో అహ్లోన్‌లో పుట్టిన మా అందరికీ తెలుసు. మా అయ్య ఆ రేవులోనే మూటలు మోసేడు. ఆ కాలంలో కూలీలని జట్లుగా కట్టేవోరు. ఏ దొర బియ్యం మోస్తే ఆ దొర పేరే జట్టుకి. ఎవడి జట్టురా అంటే ఫలానా దొర జట్టు అని చెప్పాలి, లేకపోతే గేటు దాటనివ్వరు. జర్మనీ నుంచి వచ్చిన క్రూగరు దొర దగ్గర వీడి తాత మేస్త్రీ. అందుకని క్రూగరు మేస్త్రీ. తర్వాత ఇంగ్లీషోళ్ళకీ జర్మనీవోళ్ళకీ యుద్ధమొచ్చి, ఇంగ్లీషోళ్ళు దొర గొడౌనుకి తాళం వేసేసేరు. దొర పోయేడు. జట్టు చెదిరి వేరే దొరల దగ్గర చేరింది, కొత్త పేరు పెట్టుకుంది. వీడి తాత ఒక్కడే పాత పేరు వదల్లేదు. మేస్త్రీ పని పోయినా మేస్త్రీతనం పోలేదు. మనవడి కాలానికి దొరే ముత్తాత అయిపోయేడు.

దేశం తలుపులు మూసుకున్న రోజుల్లో ఒక తెల్లోడు మా వీధిలోకి వచ్చేడు. పైదేశంవోళ్ళని వారం రోజులకే రానిచ్చేవోరు అప్పుడు. నిక్కరు వేసుకుని, ఉడికిన రొయ్యలాగ ఎర్రగా ఉన్నాడు. కూడా ఒక బర్మా గైడు. నా కొట్లో తోసె తింటుంటే ఎవడో చెప్పేడు, ఆయన జర్మనీ మనిషని. ఊ జర్మన్ కోటు గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చేడు. గుండెల మీద కొట్టుకుని "క్రూగర్, క్రూగర్" అన్నాడు.

తెల్లోడు నవ్వేడు. మంచి మనిషే. గైడు చేత బర్మా భాషలో చెప్పించేడు. క్రూగ్ అంటే కుండట. ఉత్తరపు పల్లెల్లో బీరు పోసే ఇంటిని కుండ అనేవోరట. ఆ ఇల్లు నడిపేవోడు క్రూగరు. ఊరూరా కుండ ఉంటాది కాబట్టి ఊరూరా క్రూగరున్నాడట. వాళ్ళు తూర్పుకి పోయి, తర్వాత ఓడలెక్కి దేశాలన్నీ పట్టేరట. తెల్లోడి ఊళ్ళో రొట్టెలు కాల్చేవోడూ క్రూగరే, పంతులూ క్రూగరే.

నేను గైడుని అడిగేను, మనకి మొదట తోచేది అదే కదా: "ఒకే పేరు పెట్టుకుని వాళ్ళలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుంటారా?"

"చేసుకుంటారట. ఆ కుండకీ ఈ కుండకీ ఏం చుట్టరికం అంటున్నాడు" అన్నాడు గైడు.

సారా దుకాణం పేరని తెలిసి వీడు చల్లబడతాడనుకున్నాను. సాయంత్రానికి వీధి చివర కూర్చుని, "రాజులకి పానం అందించే వంశం మాది. మా దేశం మనిషే వచ్చి చెప్పేడు" అంటున్నాడు.

ఎనభై ఎనిమిదిలో గొడవలొచ్చేయి. స్టూడెంట్లు రోడ్ల మీదకొచ్చేరు, తుపాకులు పేలేయి. బజారు మూసేసేరు. వీధి మొగని వెదుళ్ళతో అడ్డం కట్టి, మగాళ్ళు ఈటెల్లాగ చెక్కిన కర్రలు పట్టుకుని కాపలా కాసేవోరు. ఈ దేశంలో ఏ గొడవ మొదలైనా చివరికి మన గుమ్మం మీదకే వస్తాదని మా అయ్య అనేవోడు. ఇదివరకు మన తెలుగోళ్ళని ఓడల్లోకి ఎక్కించి ఇండియాకి పంపేసిన రోజులు ముసలోళ్ళకి గుర్తే. అందరికీ అదే గుబులు.

అప్పుడు లేచేడు వీడు. "పైదేశాలవోళ్ళు తమ మనుషుల్ని తీసుకుపోతున్నారు. జర్మనీ ఓడ వస్తాది. క్రూగరు పేరున్నోణ్ణి వాళ్ళు వదలరు. వీళ్ళంతా మా ఇంటివోళ్ళే అని నేను నిలబడి చెప్తాను. కానీ అబద్ధం మాత్రం ఆడను. అమ్మోరి ముందు నిజం చేసుకుందాం" అన్నాడు. అబద్ధం ఆడడట.

ఏరు పక్క అమ్మోరి గుడిలో కర్పూరం వెలిగించేరు. వీధిలో తెలుగు మగాళ్ళందరూ వరసగా వెళ్ళి, మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, నేటినుంచి మేమంతా ఒకే ఇంటివోళ్ళం, ఒకే ఇంటిపేరు అని ఒట్టేసేరు. కర్పూరం ఆర్పి ఒట్టేస్తే అది మనిషితో పోదు, పిల్లలకీ తగులుకుంటాది. మా ఆయన వేసేడు. అహ్లోన్ నుంచి మా అన్న నడిచొచ్చి వేసేడు. ఆడోళ్ళని ఎవరూ పిలవలేదు. పిలిచుంటే ఎవత్తో ఒకత్తి వరసలు చూసేది.

మా ఆయన మసి చేత్తో ఇంటికొచ్చి చెప్తే నేను చూసేను. "నువ్వూ మా అన్నా అన్నదమ్ములయితే నేను మా అన్నకే మరదల్నయ్యేను. తెలుస్తోందా?" అన్నాను.

"ముందు బతికుందామే. వరసలు ఓడెక్కేక చూసుకుందాం" అన్నాడు.

గోనె వేసుకుని పడుకున్నాడు. కాపలా లేని పూట ఇంక హాయిగా నిద్రపోయేవోడు. బయట తుపాకులు పేలుతున్నా కదిలేవోడు కాదు. అంతకు ముందు కన్ను మూసెరగడు. ఊ జర్మన్ వల్ల నా ఇంటికి జరిగిన మేలు ఆ నిద్దరొక్కటే. ఉన్న మాట చెప్పాలి కాబట్టి చెప్పేను.

ఓడ రాలేదు. సిపాయిలొచ్చేరు.

వీడు అంతకు ముందే తన గుమ్మం మీద తెల్లరంగుతో క్రూగరు అని పలక కొట్టుకున్నాడు. లారీ చప్పుడు వినగానే ఊడబీకి, దాన్ని కిందేసి, దాని మీదే కూర్చున్నాడు. కోటు ఏ మూల కుక్కేడో తెలీదు. కాపలా కాసిన మగాళ్ళని ఏరుతున్నారు. మా ఆయన్ని మెడ పట్టుకుని లాగేరు. ఆ పిచ్చి మహారాజు వీడి వైపు చెయ్యి చూపించి, "అదిగో మా అన్న. వీధికి పెద్ద. నా సంగతి ఆయన్ని అడగండి" అన్నాడు.

సిపాయి అడిగేడు, "ఇతను నీకేమవుతాడు?"

వీడు బనీనుతో, గొంతుక్కూర్చుని, కుడి కన్నుతో ఒకసారీ పువ్వు కన్నుతో ఒకసారీ చూసేడు. "వీడెవడో నాకు తెలీదు బాబూ. మా వీధి మనిషి కాదు" అన్నాడు. మంచి బర్మా భాషలో చెప్పేడు. పొద్దున్నే నా చేతి తోసె తిన్న నోరు అది.

మా ఆయన్ని లారీలో ఎక్కించేరు. తిరిగొచ్చేడు గానీ లోపల ఏదో చితికిపోయింది. పక్కటెముకలు పట్టుకుని దగ్గేవోడు. నేను వాణ్ణి బూతులు తిడుతుంటే, "భయపడ్డాడే. మనిషి ఉత్తోడే, ఒట్టు ఉత్తది కాదు కదా" అనేవోడు. మరుసటేడు వానల్లో పోయేడు. వీడు కోటు వేసుకొచ్చి, వంశానికి పెద్దనని పీట వేయించుకుని, శవం కాళ్ళు ఏ దిక్కుండాలో చెప్పేడు. పాడె వంకరగా కట్టేరన్నాడు.

ఇంక నా పైడి సంగతి. మా అన్న కొడుకు సూరికీ, నా కూతురు పైడికీ పుట్టినప్పట్నించీ మేనరికం అనుకున్నదే. అనుకోవడానికేముంది, వాళ్ళిద్దరికీ అదే లోకం. సూరి అహ్లోన్ నుంచి పని లేకపోయినా వచ్చి నా కొట్లో కూర్చునేవోడు. పైడి వాడికి తోసె అంచులు కరకరలాడేవి ఏరి పెట్టేది. మొగుడు పోయిన ఇంట్లో నాకున్న ఆశ అదొక్కటే.

మా అన్న దగ్గరికెళ్ళి ముహూర్తం అడిగితే తల దించేసుకున్నాడు.

"ఒకే ఇంటిపేరు అయిపోయింది సెల్లీ. అన్నాసెల్లెళ్ళ వరస."

"ఆ తెల్లోడు చెప్పేడు కదా, కుండకీ కుండకీ చుట్టరికం లేదని."

"అది ఆళ్ళ దేశం. కర్పూరం మనది. బావ ఒట్టేసి పోయేడు. పోయినోడి ఒట్టు నేను తెంపలేను. అమ్మోరు ఊరుకోదు. పెద్దాయన కాదంటే కాదు."

పెద్దాయన. నేను కోపం మింగి వాడింటికి పోయేను. టీ సాసర్లో పోసుకుంటున్నాడు.

"కుదరదు మరదలా. ఇద్దరూ క్రూగర్లు" అన్నాడు.

"ఇద్దరూ మేనబావా మరదళ్ళు. పుట్టుకతో."

"కర్పూరం పుట్టుకని కూడా మార్చేస్తాది."

"మరి లారీ కాడ నా మొగుడెవడో తెలీదన్నప్పుడు, ఆ కర్పూరం ఎటు పోయింది బావగారూ?"

సాసరు ఊదుకున్నాడు. "ప్రాణం మీదకొస్తే అబద్ధానికి దోషం లేదు. శాస్త్రంలో ఉంది."

"జర్మనీ శాస్త్రంలోనా?"

"నువ్వు తోసెలు వంకరగా వేస్తే ఊరుకున్నాను. వంశం వంకర చేస్తానంటే ఊరుకోను" అన్నాడు. పైడి ఆ రాత్రి అన్నం తినలేదు. సూరి రావడం మానేసేడు.

కొన్నాళ్ళకి, పొద్దున్న కొట్టు నిండా జనం ఉండగా, వాడే వచ్చేడు. చేతిలో కొబ్బరికాయ, తమలపాకులు. కోటుకి ఉప్పు దులిపినట్టుంది. "మరదలా, పైడిని మా గుంటడికి చేసుకుందామని" అన్నాడు.

గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది. మేనరికం కాదన్నది ఇందుకా అనుకున్నాను. నెత్తిన పిండి కుమ్మరించాలనిపించింది. పిండి దండగ.

"మనది ఒకే ఇంటిపేరు కదా, ఎలాగ?" అన్నాను మెల్లిగా.

వాడు ముందుకి వంగి, నవ్వేడు. "అది పైకమ్మీ. లోపల మాది దుంపలోరు. మా తాతలు దుంపలోరు. మా ఇంట్లో పెళ్ళిళ్ళన్నీ ఆ పేరు మీదే. క్రూగరు పేరు మర్యాదకి పెట్టుకున్నది."

"అయితే పర్లేదంటావు."

"దివ్యంగా."

"మంచి మాట చెప్పేవు బావగారూ. కానీ నేను మొగుడు పోయినదాన్ని. మేనమావ సరేననాలి. మా అన్నని పిలిపిస్తాను. గుడి కాడ, కర్పూరం ముందు, వీధివోళ్ళందరూ ఉండగా ఈ మాటే చెప్పు. వాడికి అనుమానం తీరిపోతాది."

అందరి ముందూ మాట్లాడమంటే వాడు కాదంటాడేటి? ఆ ఆదివారం కోటు ఉతికించుకుని మరీ వచ్చేడు. మా అన్న వచ్చేడు. సూరి వెనక నిలబడ్డాడు. ఒట్టేసిన మగాళ్ళందరూ ఉన్నారు. పూజారి కర్పూరం వెలిగించేడు. ఊ జర్మన్ మడమలు దగ్గరికి చేర్చి, చెయ్యి చాపి, గొంతు సవరించుకుని, "అమ్మోరి సాక్షిగా, మాది దుంపలోరి ఇంటిపేరు. మా తాతముత్తాతల నుంచీ అంతే. క్రూగరు మాది కాదు, దొరది" అన్నాడు. అరచేత్తో కర్పూరం ఆర్పేడు. మెచ్చుకుంటారని అందరి మొహాలూ చూసేడు.

వెనకనుంచి ఎవడో నవ్వు ఆపుకోలేక దగ్గేడు.

"విన్నావా అన్నా" అన్నాను. "వీడిది కాని పేరు వీడు మనకి పంచేడు. లేని ఇంట్లో మీరు అన్నదమ్ములయ్యేరు. మా ఆయన వేసిన ఒట్టుకి అవతల ఎవడూ లేడు. పోయినోడి మాట నువ్వు తెంపక్కర్లేదు. ఇచ్చినోడే తెంపేడు."

మా అన్న తన అరచెయ్యి చూసుకున్నాడు. అప్పుడెప్పుడో కాలిన మచ్చ ఉంది దాని మీద. చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

ఊ జర్మన్‌కి ఇంకా తెలీలేదు. "మరి మా గుంటడి సంగతి?" అన్నాడు.

"ఊరూరా ఉన్నారు కదా మీ వోళ్ళు. ఏ కుండనో అడిగి చూడు" అన్నాను.

వాడు తెచ్చుకున్న ఆకుల పళ్ళెం గుడి మెట్టు మీదే ఉంది. మా అన్న దాని వంక చూడకుండా గుడి ముందు కొట్లో వేరే ఆకులూ వక్కలూ కొనుక్కొచ్చేడు. పూజారి, "ముత్తయిదువ చేతికివ్వాలి, ఎవరున్నారు?" అని చుట్టూ చూసేడు. నేను స్తంభం పక్కకి జరిగి నిలబడ్డాను. విధవలం జరిగే నిలబడతాం.

కర్పూరానికి అంత భయపడ్డ మా అన్న, పూజారిని దాటుకుని నా దగ్గరికొచ్చేడు. "చెయ్యి పట్టు సెల్లీ" అన్నాడు. పిండి మరకల చెయ్యి. పట్టేను. తాంబూలం అందులో పెట్టేడు.